గోకేది రాకీ, పథ్యం ఊరిది

తిరుపతిలో కుక్క గోక్కోవడం మొదలుపెడితే ఆ సంగతి గడప దాటకుండా చూసుకోవడం మంచిది. దాటిందంటే భవానీనగర్‌లో పుట్టిన దురదకు కొర్లగుంటలో కషాయం కాగుతుంది. వాకింగ్‌లో కలిసిన రిటైర్డ్ లెక్చరర్ ఒక చిట్కా చెబుతాడు, పాలు పోసే ఆమె దానికి విరుగుడు చెబుతుంది, వాట్సాప్‌లో ఉన్న మేనత్త రెండూ కలిపి పట్టించమంటుంది.

రాకీ అనే లాబ్రడార్‌ను ఉదాహరణగా తీసుకుందాం. ఇలాంటి రాకీలు ప్రతి వీధిలోనూ ఉన్నారు కాబట్టి ఎవరూ భుజాలు తడుముకోనక్కర్లేదు.

వైద్యం విషయంలో మన ఊరి అర్హతలను శంకించడానికి లేదు. పశువైద్య కళాశాల 1955 నుంచి ఇక్కడే ఉంది. 2005లో ఏకంగా పశువైద్య విశ్వవిద్యాలయమే వచ్చింది. ఇంత చదువు పక్కనే ఉండగా మామూలు గోకుడు కోసం వెళ్లి వాళ్లను ఇబ్బంది పెట్టడం మర్యాద కాదని మనవాళ్ల ఉద్దేశం. అందుకని ముందు వంటిల్లు, తర్వాత మెకానిక్ షెడ్డు, ఇవన్నీ చేతులెత్తేశాక, పైగా ఆదివారం రాత్రి, డాక్టరు గుర్తొస్తాడు.

వంటింటి వైద్యం కొబ్బరినూనెతో మొదలవుతుంది. ఒళ్లంతా పట్టిస్తారు. రాకీ దాన్ని టిఫిన్ అనుకుని ఆసాంతం నాకేస్తాడు, మర్నాడు విరేచనాలు. రెండో రోజు పసుపు. దీనివల్ల దురద తగ్గిందో లేదో రాకీకే తెలియాలి గానీ సోఫా మాత్రం పెళ్లికూతురిలా తయారైంది. మూడో రోజు వేపనీళ్లు. వేపాకు మరిగించి, చల్లార్చి పోస్తే కొంప మునిగేదేమీ లేదు. కాకపోతే చర్మంలో సొరంగాలు తవ్వుకుని కాపురం పెట్టిన గజ్జి పురుగుకు పైన జరిగే ఈ అభిషేకం సంగతే తెలియదు.

తెల్లగడ్డ వైద్యం కూడా ఒకటుంది. రోజూ నాలుగు రెబ్బలు తినిపిస్తే పిడుదులు వాసనకే పారిపోతాయట. తెల్లగడ్డ, ఎర్రగడ్డ రెండూ కుక్క ఒంట్లో ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి. పిడుదు సంగతేమో గానీ ముందు కుక్క నీరసించిపోతుంది. టీ ట్రీ ఆయిల్ సీసా మీద 'ప్రకృతిసిద్ధం' అని రాసి ఉంటుంది కాబట్టి భయం లేదంటారు. అది కుక్కకు విషం. గన్నేరు కూడా ప్రకృతిసిద్ధమే. ఇక వాడేసిన ఇంజన్ ఆయిల్, కిరసనాయిలు పూసే మహానుభావులున్నారు. వీళ్ల మీద జోకు వేయబుద్ధి కావడం లేదు. చర్మం కాలిపోతుంది, నాకితే లోపలికి పోతుంది, అంతే.

పనికొచ్చేవి లేకపోలేదు. ఓట్స్ పొడి కలిపిన గోరువెచ్చని నీళ్లతో స్నానం కాసేపు ఉపశమనం ఇస్తుంది. డాక్టరు చెప్పిన మోతాదులో చేపనూనె ఇస్తే ఫలితం కనిపించడానికి రెండు మూడు నెలలు పడుతుంది. అన్ని నెలలు ఆగే ఓపిక మేనత్తకు లేదు. చేపనూనె మన ఇంటా వంటా లేదంటూ ఆవిడ అవిసె గింజల పొడి పంపింది. అందులోని ఒమేగా నూనెను పనికొచ్చే రూపంలోకి మార్చుకోవడం కుక్కకు అంతగా చేతకాదు. ఆ మాట మేనత్తకు చెప్పే ధైర్యం ఎవరికుంది?

అసలు ఘట్టం పథ్యం. ఇంటి పెద్దలందరూ కూర్చుని రాకీకి 'వేడి చేసింది' అని నిర్ధారించారు. చికెన్ బంద్. చలవ కోసం పెరుగన్నం. మధ్యాహ్నం చపాతీ. తిండి వల్ల అలర్జీ అని రుజువైన కుక్కల్లో తరచుగా దొరికే దోషులు గొడ్డుమాంసం, పాల పదార్థాలు, చికెన్, గోధుమలు. మొదటిది ఆ ఇంటి ఛాయలకే రాదు. మూడోదాన్ని తీసేసి రెండోదాన్నీ నాలుగోదాన్నీ వడ్డించారు. అలర్జీ కూడా వాళ్ల ముందుచూపుకు బిత్తరపోయి ఉంటుంది.

ఆ తర్వాత ఇంటాయన షుగర్ కోసం తినే రాగి సంగటి రాకీ గిన్నెలోకి వచ్చింది. ఇంటావిడ మోకాళ్ల కోసం తాగే కొర్రల జావ వచ్చింది. శనివారం ఇంటిల్లిపాదికీ ఒక్కపొద్దు కాబట్టి రాకీకీ ఒక్కపొద్దే. పక్కింటి నాటుకోడి పులుసు వాసన వచ్చే వైపు మూతి పెట్టుకుని రాకీ ధ్యానంలో కూర్చుంటాడు. భక్తి కుదిరిందని ఇంట్లోవాళ్లు మురిసిపోతారు.

ఎట్టకేలకు ఒక డాక్టరు పద్ధతిగా చెప్పాడు. రాకీ ఇంతవరకు ఎన్నడూ తినని మాంసం ఒకటి, పిండిపదార్థం ఒకటి, కనీసం ఎనిమిది వారాలు. ఇంకేదీ నోట్లో పడకూడదు, బిస్కెట్ ముక్క కూడా. దురద తగ్గితే పాత తిండి మళ్లీ పెట్టి చూడాలి. దురద తిరిగొస్తేనే నేరం తిండిదని తేలినట్టు. వినడానికి సులువుగానే ఉంది. కానీ తిరుపతిలో చుట్టాలు రాని ఎనిమిది వారాలు ఏ పంచాంగంలో ఉన్నాయి? కొండ దిగిన ప్రతి బంధువు చేతిలోనూ లడ్డూ ఉంటుంది.

"ఏమ్మా, సామి ప్రసాదం కూడా పడదా మీ కుక్కకి?"

"ఎండుద్రాక్ష కుక్కలకు పడదంట పిన్నీ. కిడ్నీలు పోతాయంట."

"అంతేనా? ద్రాక్ష ఏరేసి పెడతాలే."

ద్రాక్ష పోయినా శనగపిండి, నెయ్యి, చక్కెర, జీడిపప్పు మిగిలాయి. లెక్క మళ్లీ మొదటి రోజుకు వచ్చింది. ఆ లడ్డూకు 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చిందనీ, ఆ కాగితంలో కుక్కకు పెట్టకూడదని ఎక్కడా లేదనీ బాబాయి వాదించాడు. ఎవరి దగ్గరా జవాబు లేదు.

ఇంత పథ్యం నడుస్తుండగా రాకీ బొచ్చు పక్కకు తీసి చూసిన పాపాన ఎవరూ పోలేదు. తిండి వల్ల వచ్చే దురద కంటే ఫ్లీలు (బొచ్చులో గెంతుతూ రక్తం తాగే చిన్న పురుగులు), పిడుదుల వంటివాటి వల్ల వచ్చేదే ఎక్కువ. సన్న పళ్ల దువ్వెనతో దువ్వి, రాలిన నల్ల నలుసులను తడి తెల్లకాగితం మీద వేస్తే చాలు. ఎర్రటి మరక అంటిందా, అవి ఫ్లీలు తాగి విసర్జించిన రక్తం. ఒంటి మీద దొరికేవి పెద్దవి మాత్రమే. గుడ్లు, పిల్లపురుగులు చాపల్లో, పరుపుల్లో, సోఫా సందుల్లో ఉంటాయి. కుక్కకు మందు వేసి ఇల్లు వదిలేస్తే లాభం లేదు.

ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు. అయినా ఎవరూ చేయరు. మా రాకీకి ఫుడ్ అలర్జీ అండీ అంటే అందులో ఒక హోదా ఉంది. ఎదుటివాళ్లు ఏ బ్రీడు అని గౌరవంగా అడుగుతారు. మా రాకీకి పురుగులు పట్టాయండీ అంటే కాఫీ కప్పు అక్కడే పెట్టి లేస్తారు. మొన్ననే పెయింట్ వేయించిన ఇంట్లో పురుగులా? అంతకంటే కుక్కను పస్తు పెట్టడమే గౌరవం.

గజ్జి పురుగుకు మాత్రం ఈ మర్యాదలు పట్టవు. కుక్క మీంచి మనిషి మీదకూ పాకుతుంది. నెల తిరక్కముందే ఇంటాయన ముంజేతుల మీద, నడుం చుట్టూ ఎర్రటి పొక్కులు లేచాయి. ఆయన పసుపు పూసుకోలేదు, ఇంజన్ ఆయిల్ జోలికి పోలేదు, మేనత్తకు ఫోన్ చేయలేదు. ఆ సాయంత్రమే టోకెన్ తీసుకుని చర్మవ్యాధుల డాక్టరు ముందు కూర్చున్నాడు.

"ఇంట్లో కుక్క ఉందా?" అన్నాడు డాక్టరు.

"ఉంది సార్. దాంతో ఇబ్బందేం లేదు. పథ్యంలో ఉంది."