చెదిరిన స్క్వాడ్‌కు ర్యాలీ: పాచికలకు ముందే తేలే లెక్క

1985లో అవలాన్ హిల్ సంస్థ తెచ్చిన అడ్వాన్స్‌డ్ స్క్వాడ్ లీడర్ రెండో ప్రపంచ యుద్ధపు పదాతి పోరాటాలను బల్లమీద ఆడించే క్రీడ. ఇందులో కాల్పులకు ధైర్యం చెడి చెదిరిన స్క్వాడ్ (చిన్న పదాతి దళం) కౌంటర్‌ను, అంటే దాన్ని సూచించే అట్టముక్కను, వెనక వైపుకు తిప్పుతాం. దాన్ని మళ్లీ ముందు వైపుకు తిప్పే ప్రయత్నమే ర్యాలీ. రెండు పాచికలు వేసి, చేర్పులూ తగ్గింపులూ లెక్కగట్టాక వచ్చిన మొత్తం దళం ధైర్యాన్ని చెప్పే మొరేల్ అంకెను దాటకపోతే దళం తేరుకున్నట్టే. చూడ్డానికి ఇంత సులువైన నిబంధన దగ్గరే కొత్తవాళ్లు పదేపదే తడబడతారు.

మొదటి తప్పు అంకె చదవడంలోనే. ర్యాలీకి చూడాల్సింది కౌంటర్ వెనక వైపున్న మొరేల్. కౌంటర్ మీది మూడు అంకెలు వరుసగా కాల్పుల బలం, దూరం, మొరేల్. జర్మన్ల 4-6-7 స్క్వాడ్‌కు రెండు వైపులా మొరేల్ 7 కాబట్టి తేడా తెలియదు. అమెరికన్ల 6-6-6కు మాత్రం ముందు 6, వెనక 8. ఈ దళం త్వరగా చెదురుతుంది, అంతే త్వరగా కుదురుకుంటుంది. ఆ సైన్యానికి ఆటలో ఇచ్చిన స్వభావమే అది. అలవాటుగా 6నే చూస్తే తేరుకునే అవకాశం 36లో 26 నుంచి 15కు పడిపోతుంది.

ఇక అసలు చిక్కు డెస్పరేషన్ మొరేల్‌ది. ఆటగాళ్ల వాడుకలో డీఎం. దళం చెదిరిన క్షణంలోనే ఈ గుర్తు దానిపైకి వస్తుంది, ర్యాలీ పాచికలకు 4 కలుపుతుంది. జర్మన్ 4-6-7 ఆరుబయట డీఎంలో ఉంది, పక్కనున్నది 8-0 లీడర్ అనుకుందాం (మొదటి అంకె అతని మొరేల్, రెండోది పాచికల మొత్తానికి అతను చేసే మార్పు). 3 లేదా అంతకన్నా తక్కువ పడాలి, అంటే 36లో 3 అవకాశాలు. అదే దళం భవనంలో ఉంటే ఒకటి తగ్గుతుంది, 9-1 లీడర్ ఉంటే మరొకటి తగ్గుతుంది. అవకాశాలు 10 అవుతాయి. అక్కడే డీఎం కూడా పోతే 30. మంచి లీడరూ గోడల చాటూ కలిసి ఇచ్చింది 7 అయితే, ఆ ఒక్క గుర్తు తొలగడం ఇచ్చింది 20. అందుకే ర్యాలీని ధైర్యపరీక్షగా కాక కాలానికీ చోటుకూ సంబంధించిన నిబంధనగా చదవాలంటాను.

కాలం ఎలా నడుస్తుందో చూడండి. ప్రతి ఆటగాడి వంతులో ఎనిమిది దశలు; మొదటిది ర్యాలీ, ఆరోది చెదిరిన దళాలు పారిపోయే రౌట్. ర్యాలీ దశ ఇద్దరిదీ. ఎదుటివాడి వంతు కదా అని చేతులు కట్టుకు కూర్చుంటే సగం అవకాశాలు వదులుకున్నట్టే. సాధారణంగా డీఎం ర్యాలీ దశ చివర తొలగుతుంది. కాబట్టి చెదిరిన వెంటనే వచ్చే ర్యాలీలో భారం తప్పదు. తర్వాతి ర్యాలీ దశ దాకా దళాన్ని ఎవరూ కదిలించకపోతే భారం ఉండదు. రెండుసార్లు కాల్పులకు గురైంది కాబట్టి 8 కలపాలనే వాదన కూడా వినిపిస్తుంది. అది చెల్లదు, డీఎం పేరుకోదు.

ఎవరు ర్యాలీ చేయవచ్చన్న దగ్గర మాట కచ్చితంగా ఉండాలి. లీడర్ అదే లొకేషన్‌లో, చెదరకుండా ఉండాలి. పక్క హెక్స్‌లో (పటం మీది ఆరు భుజాల గడిలో) ఉంటే చాలదు. అతను తనతో ఉన్న దళాలన్నిటికీ ప్రయత్నించవచ్చు, కానీ ఒక్కో దళానికి ఆ దశలో ఒకే అవకాశం. 6+1 లీడర్ అయితే సాయానికి బదులు ఒకటి కలుపుతాడు. చెదిరిన లీడర్ తనంతట తాను తేరుకుంటే అదే దశలో మిగతావారి సంగతి చూడగలడు, అందుకే ముందు అతని పాచికలు వేయాలి. లీడర్ లేని స్క్వాడ్‌కూ ఒక దారుంది. ఎవరి వంతు నడుస్తోందో ఆ ఆటగాడు, తన మొదటి స్క్వాడ్ ప్రయత్నాన్ని లీడర్ లేకుండానే, ఒకటి కలుపుకుని చేయవచ్చు. ముందుగా లీడర్‌తో మరో స్క్వాడ్‌ను ప్రయత్నించేస్తే ఆ వెసులుబాటు పోయినట్టే. తొందరలో ఎక్కువగా జారిపోయేది ఇదే.

పాచికల మీద రెండు ఆర్లు పడితే దళం తేరుకోకపోవడమే కాదు, సగానికి తరుగుతుంది. సగం దళమైతే పూర్తిగా పోతుంది. 36లో ఒక్కసారే అయినా, తిరిగి భర్తీ కాని నష్టం. ఇది కఠినమే, కానీ తీసేయాల్సిన నిబంధన కాదు. ఇది లేకపోతే గెలుపు ఆశ లేని ప్రయత్నాలు కూడా ఉచితమై, ఎదురుచూడటానికి విలువే ఉండదు.

మరో బల్లమీది యుద్ధక్రీడ వార్‌హామర్ ఫాంటసీ 2010 నాటి ఎనిమిదో కూర్పులో కొలత వేరు. మొదట్లో ఉన్నవారిలో నాలుగో వంతు కూడా మిగలని దళం రెండు ఒకట్లు పడితేనే ఆగుతుంది. అక్కడ ప్రశ్న ఎంతమంది మిగిలారన్నది. ఇక్కడ ప్రశ్న ఎక్కడికి చేరారన్నది.

ఆ చేరడం రౌట్ దశలో తేలుతుంది. కాలికి బుద్ధి చెప్పిన దళం ఆరు కదలిక పాయింట్లలో దగ్గరి అడవికో భవనానికో వెళ్తుంది. కాబట్టి లీడర్‌ను ముందు వరుసలో ఇరికించకుండా, వెనక శత్రువు కంటికి ఆనని భవనంలో ముందే నిలపడం మేలు. ఎదుటివాడికీ ఇదే లెక్క తిరగేసి పనికొస్తుంది. ఒకే దళం మీద బలమంతా గుమ్మరించే బదులు, మొరేల్ పరీక్ష పెట్టగలిగేంత చిన్న కాల్పులు ఒక్కో చెదిరిన దళం మీదా జరిపితే చాలు, తొలగిన డీఎం మళ్లీ వచ్చి కూర్చుంటుంది.