సవరణ: పొపాయ్ పాలకూర కథ

నెల్లూరు అంగన్‌వాడీ గోడల బొమ్మల గురించి మొన్న పెట్టిన పోస్టులో, పాలకూరలో ఐరన్ లెక్క రాసేటప్పుడు దశాంశ బిందువు తప్పుపడి పదింతలైందని, అందుకే పాలకూర తిని బలం తెచ్చుకునే కార్టూన్ నావికుడు పొపాయ్‌కి పాలకూర పెట్టారని ఉంది. ఆ వాక్యం తీసేశాం. ఈ కథకు ఆధారం లేదు.

అమెరికా కార్టూనిస్టు ఇ.సి. సెగార్ పొపాయ్‌ని 1929 జనవరి 17న పత్రికలో వచ్చే బొమ్మల కథలోకి తెచ్చారు. మొదట్లో అతని బలం పాలకూరది కాదు, ఒక మాయ కోడి తల నిమిరితే వచ్చేది! 1932 నాటి బొమ్మలో పాలకూర గురించి చెబుతూ పొపాయ్ పేర్కొన్నది విటమిన్ ఎ, ఐరన్ కాదు. 1933లో యానిమేషన్ మొదలయ్యాక పాలకూర డబ్బా ఇంటింటికీ తెలిసింది. పాలకూర పండించే టెక్సస్‌లోని క్రిస్టల్ సిటీ 1937లోనే అతనికి విగ్రహం పెట్టింది. ఒక కార్టూన్ పాత్రకు ఇంత గౌరవం దక్కడం నిజంగా గొప్ప సంగతి.

పోస్టు చదివి పిల్లలకు పాలకూర మానేయకండమ్మా. అందులో ఐరన్ ఉంది, కాకపోతే ఒంటికి తక్కువగా పడుతుంది. పప్పు దించాక పొదలకూరు నిమ్మకాయ పిండండి, విటమిన్ సి వల్ల ఇంకాస్త బాగా పడుతుంది.