పిల్లలు పాము అడిగితే వెంటనే కాదనకండి

ఈసారి దీపావళి, నాగుల చవితి కలిపి ఇక్కడ అమెరికాలో, ఒహాయోలోని మన తెలుగు సంఘం చేసిన సంబరంలో పిల్లల కోసం 'నా నేస్తం' అని ఒక కార్యక్రమం పెట్టారు. ఇంట్లో పెంచుకునే జంతువు గురించి రెండు నిమిషాలు తెలుగులో మాట్లాడాలి, వెనక తెర మీద ఫొటోలు వేస్తారు. మా అమ్మాయి మనబడిలో, అంటే ఇక్కడి పిల్లల తెలుగు బడిలో, నేర్చుకున్న తెలుగంతా కూడగట్టి తన పాము గురించి రాసుకుంది. 'కుబుసం' అన్న మాట వాళ్ల నాయనమ్మని అడిగి మరీ పెట్టుకుంది. ఆ రోజు పొద్దున కమిటీ నుంచి ఫోన్. "ఏమనుకోకండి మేడమ్, పండగ పూట తెర మీద పాము కనిపిస్తే పెద్దవాళ్లు ఇబ్బంది పడతారు. పాపను ఇంకేదైనా పాట పాడమనండి."

అదే హాల్లో ఒక పక్క మట్టితో పుట్ట కట్టారు. వెండి నాగపడగలు పెట్టి, చలిమిడి, చిమ్మిలి నైవేద్యం పెట్టి, వరసగా అందరం పాలు పోశాం. "నడుం తొక్కితే నావాడనుకో, పడగ తొక్కితే పగవాడనుకోకు, తోక తొక్కితే తొలగిపో" అని పెద్దావిడ ఒకరు చెబుతుంటే మా అమ్మాయి కూడా చేతులు జోడించి వెంట పలికింది. తర్వాత పట్టులంగా సర్దుకుని కూర్చుని, కుక్కల గురించి, పిల్లుల గురించి, ఒక తాబేలు గురించి మిగతా పిల్లలు మాట్లాడుతుంటే చప్పట్లు కొట్టింది. కారెక్కాక ఒకే మాట అడిగింది. "తాబేలు ఫొటో చూపించారు కదమ్మా, నాదెందుకు వద్దన్నారు?"

నాకు జవాబు దొరకలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

కమిటీ వాళ్లు రాత్రంతా మేలుకుని తోరణాలు కట్టేవాళ్లే, వాళ్ల మీద నాకు కోపం లేదు. భయం కూడా ఊరికే పుట్టింది కాదు. 2000 నుంచి 2019 వరకు ఇండియాలో పాముకాటుతో దాదాపు 12 లక్షల మంది పోయారని పరిశోధకుల అంచనా. ఆ మరణాలు ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో మన తెలుగు నేల కూడా ఉంది. మా అత్తయ్యగారి అన్నయ్య కోతల రోజుల్లో నేల మీద చాప వేసుకుని పడుకుంటే కట్లపాము కరిచింది. దాని కాటు నొప్పి పెద్దగా తెలియదు, గాటు కూడా సరిగా కనపడదు. తెల్లారేసరికి ఆయన లేడు. అలాంటి ఇంటి నుంచి వచ్చిన మనిషికి "పాము మంచిదండీ" అని నేను పాఠం చెప్పలేను, చెప్పలేదు కూడా.

కానీ కట్లపాము వేరు, మా ఇంట్లో ఉన్న కార్న్ స్నేక్ వేరు. ఇది అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల పాము. విషం లేదు. మన పొలాల్లో ఎలుకలు పట్టే జెర్రిపోతుకు దూరపు చుట్టం. పిల్లగా ఉన్నప్పుడు అడుగుంటుంది, పెద్దదయితే మూడు నుంచి ఐదడుగులు. మా దానిది నారింజ రంగు. చుట్టచుట్టుకుని పడుకుంటే అచ్చం జిలేబీలా ఉందని మా అమ్మాయి ఆ పేరే పెట్టింది.

మొదట తను అడిగింది బాల్ పైథాన్ అనే చిన్న రకం కొండచిలువని. వీడియోల్లో దాన్నే ఎక్కువ చూపిస్తారు, రంగులూ బోలెడు. అది కూడా నెమ్మదైనదే, కానీ నెలల తరబడి తిండి మానేసే అలవాటు దానికుంది. అనుభవం ఉన్నవాళ్లు కంగారుపడరు గానీ, మొదటిసారి పాము పెంచే పిల్లకి ఆ టెన్షన్ ఎందుకు? గాలిలో తేమ కూడా జాగ్రత్తగా చూసుకోవాలి. మా ఒహాయో చలికాలంలో హీటర్ నడుస్తుంటే ఇల్లంతా పొడిబారిపోతుంది. కార్న్ స్నేక్ తిండికి పేచీ పెట్టదు, మన చిన్నచిన్న పొరపాట్లను తట్టుకుంటుంది. ఇక బర్మీస్ పైథాన్ అనే పెద్ద కొండచిలువ పిల్లని చూసి ముచ్చటపడి కొనేవాళ్లున్నారు. అది పదిహేను అడుగులు దాటి పెరగగలదు. ఫ్లోరిడాలోని ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలల్లో అవి ఎంత నాశనం చేశాయో అందరం వింటూనే ఉన్నాం. 2012లో మా ఒహాయో చట్టం పన్నెండడుగులకు చేరిన అలాంటి పెద్ద కొండచిలువలకు పర్మిట్ తప్పనిసరి చేసింది. హవాయిలో అయితే ఏ పామునీ పెంచుకోనివ్వరు. మీ రాష్ట్రంలో నియమాలేమిటో, అపార్ట్‌మెంట్ లీజులో ఏముందో ముందు చూసుకోండి.

కొనేది అడవిలో పట్టిన పామును కాదు, పెంపకంలో పుట్టినదాన్ని. ఫ్రీజర్‌లో పెట్టి కరిగించిన ఎలుకను తినడం అప్పటికే అలవాటైందా అని అడగండి. వీలైతే మీ ఎదుటే తినిపించమనండి. మేం తెచ్చుకున్న చోట ఆ పెంపకందారు ఎప్పుడు తిన్నదీ, ఎప్పుడు కుబుసం విడిచిందీ రాసిన కార్డు చేతికిచ్చాడు. జిలేబీ మా అమ్మాయి మణికట్టు చుట్టూ తిరిగి, నాలుక ఆడిస్తూ, స్వెట్టర్ చేతిలోకి దూరబోయింది. పిల్ల ఊపిరి బిగబట్టి నిలబడింది గానీ చెయ్యి కదపలేదు.

ఎలుకలంటే మీలో చాలామంది ముఖం చిట్లిస్తారని తెలుసు. మాది శాకాహారుల ఇల్లు. గరాజ్‌లో చిన్న ఫ్రీజర్ విడిగా కొన్నాం. వంటింటి గిన్నె ఒక్కటి కూడా ఆ పనికి వాడం. ఎలుకను జిప్ కవర్లో పెట్టి వేడినీళ్లలో కరిగించి, పొడుగాటి పటకారుతో అందిస్తుంది మా అమ్మాయి. తిన్నాక రెండు రోజులు పామును ముట్టుకోదు. అరగకముందే ఎత్తితే కక్కేస్తుంది. పాముండే ట్యాంకుకి ఒక వైపు 85 డిగ్రీల ఫారన్‌హీట్, రెండో వైపు 75 దగ్గర ఉండాలి, వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ లేకుండా హీటర్ పెట్టకూడదు. మూతకి గట్టి గొళ్లాలుండాలి, సందు దొరికితే జారుకుంటుంది. పాము ఒంటి మీద కడుపు జబ్బు తెచ్చే సాల్మొనెల్లా క్రిములు ఉండొచ్చు కాబట్టి ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి. ఇంట్లో ఐదేళ్లలోపు పిల్లలుంటే మాత్రం ఆగండి.

మా అత్తయ్యగారు ఆ గది గుమ్మం దాటరు. దాటమని ఎవరం అడగలేదు. కానీ తిండి పెట్టే రోజు రాత్రి హాల్లోంచే "తిన్నదా?" అని అడుగుతారు. అంతకంటే ఆవిడనుంచి ఏం కోరగలను?

ఒక మాట మాత్రం కటువుగానే చెబుతాను. పాము పాలు తాగదు, అవి దానికి అరగవు. పండగ ముందు పాములవాళ్లు కోరలు పీకి, దాహంతో మాడ్చి తెస్తే, నీళ్లు లేక అది పాలలో మూతి పెడుతుంది. మనం దండం పెడతాం. చిన్నప్పుడు మా వీధిలో అదే చూశాను. ఇండియాలో 1972 నాటి వన్యప్రాణి చట్టం అలా పట్టి ఆడించడాన్ని నేరమంది. పుట్ట దగ్గర పూజ నాకు ఇష్టమే, ఇక్కడా చేస్తూనే ఉంటాను. ఆ పూజలో మనం అడిగేది ఒకరికొకరం హాని చేసుకోకుండా పక్కపక్కన బతకాలనే కదా. ఒక పిల్ల ఆ పామునే దగ్గర నుంచి చూసి, దాని ఆకలీ వేడీ కుబుసం సంగతులు నేర్చుకుంటే, దాన్ని మాత్రం పండగకి అపచారం అనడం నాకు మింగుడుపడలేదు.

వద్దంటే పిల్లలు మరిచిపోతారనుకోకండి. కాలేజీకెళ్లాక డార్మ్ (హాస్టల్) నియమాలు దాటి, పాములూ బల్లులూ అమ్మే ఏ రెప్టైల్ షోలోనో కంటికి నచ్చినదాన్ని కొంటారు. మన ఇంట్లో, మన కళ్ల ముందు, మనతో కూర్చుని ఎంచుకుంటే మేలు. ముందు కొన్ని నెలలు ఆగమనండి, చదవమనండి, ఖర్చు లెక్క వేయమనండి. ఖాళీ ట్యాంకులో వేడి వారం పాటు నిలకడగా ఉండేలా వాళ్లనే చేసి చూపించమనండి. కార్న్ స్నేక్ పదిహేను, ఇరవై ఏళ్లు బతుకుతుంది. అమ్మాయి చదువుకి వెళ్తే దాన్ని చూసేది మీరే, ఆ మాట కూడా ముందే అనుకోండి.

కమిటీ వారికి ఒకటే విన్నపం. వచ్చే నాగుల చవితికి పుట్ట పక్కనే ఒక బల్ల వేయనివ్వండి. బతికున్న పాము వద్దు, ఫొటోలు, కుబుసం, పాముల గురించి తెలిసిన మనిషి ఒకరు చాలు. భయపడేవాళ్లు అటు రానక్కర్లేదు, తెర మీద వేయనూ వద్దు. పిల్లలు చెప్పేది వినడానికి నేను బల్ల దగ్గరే ఉంటాను.

వేసవిలో ఇండియా వెళ్తే పామును ఎవరు చూస్తారన్న ఒక్క సందేహంతో ఆగిపోయిన వాళ్లుంటే మా ఇల్లుంది. ట్యాంకుతో సహా తెచ్చి వదిలి వెళ్లండి. విడిగా ఒక గది ఇస్తాం, ఎలుకలు మా ఫ్రీజర్‌లో ఉన్నాయి.