మహారాజశ్రీ 200 గంటలు గారికి

మహారాజశ్రీ 200 గంటలు గారి దివ్యసముఖమునకు, విజయవాడ నుంచి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. ఎండలు దంచుతున్నాయి, కరెంటు వస్తూ పోతూ ఉంది. మీరు యోగా టీచర్ కోర్సు సర్టిఫికెట్ మీద బంగారు రంగు ముద్ర పక్కన సుఖంగా ఉన్నారని తలుస్తాం.

మొన్న ఆదివారం సంగతి తమరి చెవిన వేద్దామని ఈ ఉత్తరం. "మధ్యాహ్నం 2 నుంచి 5 వరకు లైవ్ అనాటమీ క్లాసు, తప్పక హాజరు కావలెను, 3 గంటలు మీ 200లో కలుస్తాయి" అని గ్రూపులో మెసేజి పెట్టించారు. ఆదివారం మధ్యాహ్నం అంటే బెజవాడలో ఏ వేళో మీకు తెలియనిది కాదు. పప్పూ ఆవకాయా కలుపుకుని తిని, తలుపులు వేసి, ఓటీటీలోకి కొత్తగా దిగిన సినిమా పెట్టుకునే వేళ. ఆ సినిమాని 1 గంట 12 నిమిషాల దగ్గర, ఇంకో నిమిషంలో ఇంటర్వెల్ పడుతుందనగా, ఆపి మరీ వచ్చి వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నాం. తెర మీద మేడంగారు "ఇప్పుడు అందరూ చాట్‌లో జవాబు రాయండి" అన్నారు. రాద్దామంటే చాట్ డబ్బా తెరుచుకోదే! అయినా ఆవిడ పక్కకి చూసి, ముచ్చటపడి, "వెరీ గుడ్, చాలామంది కరెక్ట్‌గా రాశారు" అన్నారు. ఎవరండీ ఆ చాలామంది? అప్పుడు కనిపించింది ఆవిడ వెనక గోడ మీద క్యాలెండరు. 2021 జులై.

లైవ్ అంటే ప్రాణమున్నది అనుకున్నాం. శవాసనం వేసి ఏళ్లయిన క్లాసు అని ముందే చెప్తే ఇంటర్వెల్ దాకానైనా చూసి వచ్చేవాళ్లం.

మీ పుట్టుపూర్వోత్తరాలు మాకు తెలియవనుకోకండి. అమెరికాలోని యోగా అలయన్స్ అనే సంస్థ తన రిజిస్టరులో టీచరు పేరు ఎక్కించుకోవడానికి పెట్టుకున్న మొదటి గీత మీరు. వాళ్ల లెక్కలో ఆసన, ప్రాణాయామ, ధ్యానాల సాధనకి 75 గంటలు, శరీర నిర్మాణానికి 30, యోగ చరిత్రకీ తత్వానికీ 30, బోధన నేర్చుకోవడానికి 50. కూడితే 185. మిగిలిన 15 బడివాళ్ల ఇష్టం. (ఆ 15 గంటలూ మా ఇష్టమైతే ఎక్కడికి పోతాయో మా టీవీ రిమోట్‌కి తెలుసు.) మన ఆయుష్ మంత్రిత్వ శాఖ కింద ఉన్న యోగా సర్టిఫికేషన్ బోర్డు కూడా ఇన్‌స్ట్రక్టర్ల మొదటి మెట్టుకి 200 గంటలే పెట్టింది. కానీ ఆ మెట్టు పేరు యోగా ప్రోటోకాల్ ఇన్‌స్ట్రక్టర్. దానిపైన 400 గంటలతో వెల్‌నెస్ ఇన్‌స్ట్రక్టర్, ఆ పైన 800 గంటలతో టీచర్ అండ్ ఎవాల్యుయేటర్. అంటే టీచర్ అనే మాట మూడో మెట్టు మీద గానీ వినపడదు. ఈ ముక్క బెంజ్ సర్కిల్ నుంచి పటమట దాకా ఏ ఫ్లెక్సీ మీదా కనపడదేం? అక్కడంతా "21 రోజుల్లో మీరే యోగా టీచర్!"

సరే, 21 రోజులే వేసుకుందాం. 200ని 21తో భాగిస్తే రోజుకి తొమ్మిదిన్నర గంటలు. ఆఫీసు, వంట, పిల్లల ట్యూషను, ట్రాఫిక్కు అన్నీ పోగా ఆ తొమ్మిదిన్నర ఎక్కడ దొరుకుతుందో చెప్పండి, మేం కూడా కాస్త తెచ్చుకుంటాం. పోనీ అన్నీ మానుకుని కూర్చున్నా, అందులో సాధన వాటా ఒక్కటే రోజుకి మూడున్నర గంటలు. కొత్తవాళ్లు మూడు వారాలు అలా చేస్తే ముందు పోయేది భుజం. చతురంగ దండాసనంలో (పుషప్‌లో సగం దిగి ఆగినట్టుండేది) మోచేతి ఎత్తు దాటి భుజం కిందకి జారితే బరువంతా కీలు ముందు భాగం మీద పడుతుంది. అలసిన చేతులకి ఆ జారుడు తప్పదు. మోకాళ్లు నేలకి ఆనించి చెయ్యమని పక్కన ఒకరు చెప్పాలి. 2021లో ఉన్న మేడంగారు ఎలా చెప్తారు?

గంట అంటే ఎంతో మాకు బాగా తెలుసండీ, ఎందుకంటే ఇంట్లో కూర్చుని సినిమాలు చూసేవాళ్లం. పుష్ప 2 విడుదలైనప్పుడు హాల్లో ఆడింది 3 గంటల 20 నిమిషాలు, అంటే సరిగ్గా 200 నిమిషాలు. దాన్ని 60 సార్లు చూస్తే ఒక మీరు. అదే సినిమా 2025 జనవరి చివర ఓటీటీలోకి వచ్చేసరికి 3 గంటల 44 నిమిషాలైంది. ఈ లెక్కన 53 సార్లు చూసి, 54వ సారి సగం దాటాక ఆపొచ్చు. చూశారా, సినిమావాళ్లు ఇంటికొచ్చేసరికి 24 నిమిషాలు కలుపుకుని వచ్చారు. మీరేమో ఇంటికి వస్తూ వస్తూ దారిలోనే సగం కరిగిపోయారు. గాంధీనగర్‌లో సినిమా డబ్బాలు చేతులు మారిన కాలం నుంచి ఈ ఊరికి రీళ్ల లెక్క తెలుసు. ఒక్క రీలు తగ్గితే నేల టికెట్టువాడు కూడా ఊరుకునేవాడు కాదు.

కోవిడ్ వచ్చి 2020లో యోగా అలయన్స్‌వాళ్లు ఆన్‌లైన్‌కి అనుమతి ఇచ్చారు, బాగుంది. గడప దాటలేని రోజులవి. కానీ ఆ దారిలో మీరు చేసిన పని చూడండి. పోర్టల్‌లో వీడియో తెరిచి, కింద గీత మీది చుక్కని వేలితో చివరికి లాగితే 3 గంటలు పూర్తి. 1.5 వేగంతో పెడితే మీ 200 కాస్తా 133 గంటల 20 నిమిషాలు అవుతాయి, 2 వేగంతో 100. సర్టిఫికెట్ మీద మాత్రం 200 చెక్కుచెదరదు. పాఠం సంగతి సరే, నాడీశోధన వీడియోని కూడా ఆ వేగంతోనే చూసేవాళ్లున్నారు. 4 లెక్క పూరకం (గాలి పీల్చడం), 8 లెక్క రేచకం (వదలడం) అని నిదానంగా చెప్తున్న గొంతు 2 వేగంలో వేలంపాట పాడుతుంది. ముక్కు మూసింది కుడో ఎడమో తేలేలోపు క్లాసు అయిపోతుంది. కాకిలెక్కలు అంటారు వీటిని. నిజానికి కాకి నయం, పిలిచినప్పుడు పిండం దగ్గరికి స్వయంగా వస్తుంది.

ఒక్క గంట క్లాసు చెప్పడానికి ఏం కావాలో అడిగారా ఎప్పుడైనా? ప్రార్థన 2 నిమిషాలు, కీళ్ల కదలికలు 8, ఆసనాలు 30, ప్రాణాయామం 10, శవాసనం 7, లేచి కూర్చోవడానికి 3. కాగితం మీద ఇంతే. ఇందులో టీచరు తన ఆసనం వేసుకునేది చాలా తక్కువ, మిగతాదంతా చూడటమే. ఎదురుగా నిలబడి "కుడి చెయ్యి పైకి" అంటూ తన ఎడమ చెయ్యి ఎత్తడం వారాల తరబడి చేస్తే గానీ అలవాటు కాదు. మొదటి రోజుల్లో సగం క్లాసు ఒక వైపు, సగం క్లాసు ఇంకో వైపు తిరిగి ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుంటారు. రెండో వీరభద్రాసనంలో ముందు మోకాలు లోపలికి పడుతోందా అన్నది ఎదురు నుంచి చూస్తే తెలుస్తుంది. చీలమండ దాటి ముందుకి పోతోందా అన్నది పక్క నుంచి చూస్తేనే తెలుస్తుంది. అందుకే టీచరు హాల్లో తిరగాలి. స్టాండుకి తగిలించిన ఫోనుకి కాళ్లుండవు.

పశ్చిమోత్తానాసనం తీసుకోండి. తల మోకాలికి తాకించాలని అందరికీ పందెం. తొడ వెనక కండరం బిగుసుకుపోయినవాళ్లు తుంటి దగ్గర వంగలేక నడుము దగ్గర గూనిలా వంగుతారు, ఆ లాగుడు వెన్ను అడుగు పూసల మీద పడుతుంది. మడత పెట్టిన దుప్పటి మీద కూర్చోబెట్టి, మోకాళ్లు కాస్త వంచి, పాదాలకి పాత చున్నీ తగిలించి పట్టుకోమంటే చాలు. రూపాయి ఖర్చు లేదు. త్రికోణాసనంలో చెయ్యి నేలకి అందక ఛాతీ కిందకి తిరిగిపోతుంటే, చెయ్యి కింద తువ్వాలు చుట్టిన ఇటుక పెట్టాలి. అసలు క్లాసు మొదలయ్యే ముందే బీపీ ఉందా, హెర్నియా ఉందా, ఈమధ్య ఆపరేషన్ ఏదైనా జరిగిందా, కంట్లో నీటికాసుల జబ్బు ఉందా, గర్భిణా అని అడగాలి. బీపీ, హెర్నియా ఉన్నవాళ్లకి, గర్భిణులకి కపాలభాతి వద్దు. కంట్లో ఒత్తిడి ఉన్నవాళ్లని తలకిందులుగా నిలబెట్టకూడదు. పొద్దున్నే పెసరట్టు తిని వచ్చినవాళ్లని మూడు గంటలాగి రమ్మని పంపాలి. మీ 200లో ఇవన్నీ "మాడ్యూల్ 4, వీడియో 11, నిడివి 6 నిమిషాలు".

ఒరే 200 గంటలూ, ఇంక మర్యాదగా మాట్లాడటం మా వల్ల కాదు. నీకు సిగ్గుందా? రేపు ఈ కాగితం పట్టుకుని ఎవరో ఒకరు కాలనీ కమ్యూనిటీ హాల్లో 12 చాపలు పరుస్తారు. ఆ పన్నెండు మందిలో ఒకావిడకి మోకాళ్లు అరిగి ఉంటాయి, ఒకాయనకి స్టెంటు వేసి ఉంటారు. వాళ్లు ఆ కాగితాన్ని నమ్మి పడుకుంటారు, ఆ కాగితం నిన్ను నమ్మింది. నువ్వేమో ఎవరు చూశారో, ఎంతసేపు చూశారో తెలియకుండా పచ్చ టిక్కు పెట్టి ఊరుకుంటావు. మెడ పట్టేస్తే పోర్టల్ వస్తుందా? ఆయనకి ఏదైనా అయితే 2021 క్యాలెండరు వచ్చి అంబులెన్స్ పిలుస్తుందా? అనాటమీ అని 30 గంటలు భుజం కీలు చుట్టూ ఉండే రొటేటర్ కఫ్‌లో ఎన్ని కండరాలో బట్టీ పట్టించావు. నాలుగు. చెప్పేశాం, మార్కు వేసుకో. చొక్కా కింద ఆ నాలుగూ నొప్పితో బిగుసుకుంటే మనిషి భుజం చెవి దాకా ఎలా లేస్తుందో ఒక్కసారి చూపించావా?

చిన్నాచితకా ఇంకా ఉన్నాయి. సర్టిఫికెట్ అచ్చు కాపీకి వేరే ఫీజు. 12 మిల్లీమీటర్ల మందం మ్యాటు కొనిపించారు, దాని మీద వృక్షాసనం వేస్తే పరుపు మీద నిలబడ్డట్టు చీలమండ ఊగుతుంది, 4 నుంచి 6 చాలు. ఈ ఊరి ఉక్కపోతకి చెమట కారి ఆ మ్యాటు జారుడుబల్ల అవుతుంది, పైన నూలు దుప్పటి వేసుకోమని చెప్పే దిక్కు లేదు. తెలుగువాళ్లకి తెలుగువాళ్లే "ఆసనా", "చక్రా", "కార్ప్స్ పోజ్" అని నేర్పడం ఇంకో వైభోగం. శవాసనం అని చక్కగా అంటే పెద్దావిడ ఎవరైనా "పొద్దున్నే శుభమా అని శవమేంటమ్మా" అంటుంది, అప్పుడు కాసేపు నవ్వుకుని పడుకోవచ్చు. ఆ పోజు పేరు చెప్తే నవ్వు కూడా రాదు.

సినిమాలూ తక్కువ తినలేదు. ఇంట్లో చూస్తే మాటలు గుసగుసలు, ఫైట్లు పిడుగులు, చేతిలో రిమోట్ దిగదు. ఆరు స్పీకర్ల కోసం చేసిన 5.1 ధ్వనిని టీవీకున్న రెండు స్పీకర్లలోకి కుక్కితే మధ్య స్పీకరులో రావాల్సిన మాటలు అడుగున పడతాయి. ఆడియో సెట్టింగులో స్టీరియో ఎంచుకుంటే చాలావరకు సర్దుకుంటుంది. అయినా ఆ పాపం వేరు. సినిమా ఎప్పుడూ మాకు ఫలానా పనికి అర్హత వచ్చిందని కాగితం ఇవ్వలేదు. ఎనభై సినిమాలు చూసినవాడిని డైరెక్టర్ అని ఎవరూ అనరు, వాడూ అనుకోడు. (అనుకునేవాళ్లు ఉన్నారు. వాళ్ల ఉత్తరం వేరే రాయాలి.) పతంజలి యోగసూత్రాల రెండో పాదంలో స్థిరంగా, సుఖంగా ఉండేదే ఆసనం అన్నాడు. ఆ లెక్కన సోఫాలో మేం వేసేది నీ పోర్టల్ ముందు వేసేదానికన్నా శాస్త్రోక్తమైన ఆసనం.

అయినా నిన్ను పూర్తిగా వదులుకోలేకపోతున్నాం, అదే కదా మా ఖర్మ. ఆయుష్ బోర్డు పరీక్షకి తయారవడానికి నువ్వు పనికొస్తావు, అక్కడ పరీక్షకుడి ఎదుట నిలబడి చేసి, చెప్పి చూపించాలి, చుక్క లాగితే కుదరదు. అందుకని ఒక బేరం. నీ దగ్గర బడివాళ్ల ఇష్టమని వదిలేసిన 15 గంటలున్నాయి చూడు, అవి మాకిచ్చెయ్. మాకు వీడియో వద్దు, మేడం వద్దు. పొద్దున ఐదున్నరకి ఏదైనా మామూలు క్లాసులో వెనక గోడకి ఆనుకుని, నోరు మూసుకుని, 15 రోజులు 15 మంది మోకాళ్లు చూస్తూ నిలబడతాం. పునుగుల బండి దగ్గర కూడా కొత్త కుర్రాడిని ముందు చూడమంటారు, తర్వాతే పిండి ముట్టనిస్తారు.

ఇట్లు,
నీ పచ్చ టిక్కులు మోస్తున్న బెజవాడ బ్యాచి

తా.క.: ఆదివారం మూడున్నరకి కరెంటు పోయి వచ్చింది. నీ పోర్టల్ క్లాసుని మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది, పక్కనే "పూర్తయినది" అని టిక్కు పెట్టుకుని మరీ. సినిమా మాత్రం 1 గంట 12 నిమిషాల దగ్గరే మా కోసం ఆగి ఉంది.