బి-1 వీసా గారికి ఒక బహిరంగ లేఖ

అయ్యా, బి-1 వీసా గారూ,

వ్యాపార పనుల మీద కొద్దిరోజులు అమెరికా వెళ్లేవాళ్లకిచ్చే వీసా మీరు, మా తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. మీ కోసం చిలుకూరులో ప్రదక్షిణలు చేసినవాళ్లున్నారు. మిమ్మల్ని తప్పుగా వాడుకుందన్న కేసులో ఇన్ఫోసిస్ 2013లో 3.4 కోట్ల డాలర్లు కట్టింది, అదీ తప్పు ఒప్పుకోకుండానే. కానీ మీ అసలు ప్రతాపం 2025 సెప్టెంబర్‌లో కొరియావాళ్లు చూశారు.

జార్జియా రాష్ట్రంలోని ఎలాబెల్‌లో హ్యుందాయ్, ఎల్‌జీ కలిసి అప్పుడు బ్యాటరీ ఫ్యాక్టరీ కడుతున్నాయి. పెట్టుబడి 430 కోట్ల డాలర్లు. ఆ మెషీన్ల గుట్టు తెలిసినవాళ్లు కొరియాలో ఉన్నారు కాబట్టి వాళ్లే వచ్చారు. ఆగస్టు 25న వైట్‌హౌస్‌లో ట్రంప్, దక్షిణ కొరియా అధ్యక్షుడు లీ జే-మ్యుంగ్ చేతులు కలిపారు. సెప్టెంబర్ 4న కొరియా ఇంజనీర్ల చేతుల్ని సంకెళ్లు కలిపాయి. ఆ ఫ్యాక్టరీలో ఇమ్మిగ్రేషన్ సోదాకి పట్టుబడ్డ 475 మందిలో 317 మంది కొరియన్లే. నడుముకో గొలుసు, కాళ్లకో గొలుసు. వీడియో తీసి విడుదల చేసింది కూడా ఇమ్మిగ్రేషన్ వాళ్లే. అందరూ మీ మీద వచ్చినవాళ్లు కాదు లెండి, కొందరు ఈస్టా (వీసా లేకుండా కొద్దిరోజులు రావడానికిచ్చే ఆన్‌లైన్ అనుమతి) మీద వచ్చారు, కొందరికి గడువు దాటిందన్నారు.

మీ రూల్స్ చదివాను. బయటి దేశంలో కొన్న మెషీన్‌ని బిగించడానికి, రిపేరు చేయడానికి, అమెరికన్లకు నేర్పడానికి నిపుణుడు రావచ్చు, కొనుగోలు ఒప్పందంలో ఆ మాట ఉంటే. కట్టుబడి పని మాత్రం ముట్టుకోకూడదు, పక్కన నిలబడి చేయించవచ్చు. సరే, మెషీన్‌ని నేలకు బిగించే బోల్టు ఉంది చూడండి, అదెవరి ఖాతా? పై సగం మెషీన్‌ది, కింది సగం కాంక్రీటులో ఉంది. స్పానర్‌తో ఎన్ని చుట్లు తిప్పేదాకా అది బిజినెస్ ట్రిప్పు, ఏ చుట్టు నుంచి నేరం? లేక ఆయన వేలు చూపిస్తే ఇంకొకరు తిప్పాలా?

ఇక పాము చావకుండా కర్ర విరగకుండా దౌత్యం మొదలైంది. వాళ్లని ఇంటికి తీసుకెళ్లే విమానం దాకా సంకెళ్లు వేయకూడదని సియోల్ బతిమాలుకోవాల్సి వచ్చింది. అంతా సిద్ధమయ్యాక ప్రయాణం ఒక రోజు ఆగింది. ఎందుకంటే, ఉండిపోయి మావాళ్లకు పని నేర్పుతారా అని ట్రంప్ అడిగారట! వారం రోజులు డిటెన్షన్‌లో పెట్టాక గుర్తొచ్చింది గురుభక్తి. ఒక్కరు ఉండిపోయారు, మిగతా 316 మంది విమానమెక్కేశారు. తర్వాత అమెరికా విదేశాంగ ఉపమంత్రి సియోల్ వెళ్లి విచారం వ్యక్తం చేశారు. విచారానికి వీసా అక్కర్లేదు.

నాకు బాగా నచ్చింది సెప్టెంబర్ 30 సంగతి. రెండు దేశాలూ వాషింగ్టన్‌లో వర్కింగ్ గ్రూప్ పెట్టుకుని కూర్చుని తేల్చిందేమిటయ్యా అంటే, బి-1 మీద వచ్చి మెషీన్లు బిగించవచ్చు అని. అంటే ఉన్న రూలు ఉందని తేలింది! ఈలోగా మీ అన్నగారు హెచ్-1బి కొత్త దరఖాస్తుల రేటు లక్ష డాలర్లయింది, మా అమీర్‌పేటలో ఆ టెన్షనే సరిపోతోంది, మీ సంగతి అడిగేవాళ్లు లేరు.

ఒక్క మనవి. స్టాంపింగ్ వేసేటప్పుడు ఫొటో పక్కన ఖాళీ జాగాలో ఓ ముక్క అచ్చు వేయించండి: 'ఈయన స్పానర్ పట్టుకోవచ్చు.' కింద అధికారి సంతకం, ఫోన్ నంబరు. ఆ నంబరు సోదాకొచ్చే వాళ్లక్కూడా ఒకసారి ఇవ్వండి.

ఇట్లు,
ఇంటర్వ్యూ స్లాట్ కోసం చూస్తున్న
ఒక హైదరాబాదీ