పెట్రోల్ పంపులో సైకిల్ ట్యూబు ముక్క వేయకండి

"బోటు ఇంజన్ పెట్రోల్ పంపు మీద డబ్బు దండగ, ఈ ఆరు చిట్కాలు చాలు" అనే మెసేజ్ భవానీ ద్వీపం వైపు బోట్లు నడిపే మిత్రులు పంపారు. ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గరి వాళ్లూ పంపారు. చివరికి ఆటోనగర్ మెకానిక్కుల గ్రూపులో కూడా వచ్చింది. మెకానిక్కులే దాన్ని ఫార్వర్డ్ చేస్తుంటే ఊరుకోలేక రాస్తున్నాను.

తేలికవి ముందు తేల్చేద్దాం. పెట్రోల్‌లో కాస్త కిరోసిన్ కలిపితే పంపు శుభ్రపడుతుందట. పడదు. కేరళలో కిరోసిన్‌తో నడిచే ఔట్‌బోర్డులు (బోటు వెనక తగిలించే ఇంజన్లు) అందుకోసమే చేసిన వేరే మోడళ్లు. మన పెట్రోల్ ఇంజన్‌లో పోస్తే నాకింగ్ (ఇంజన్ లోపల టకటక కొట్టుకోవడం) వస్తుంది, ప్లగ్గులు మసిబారతాయి. ఫిల్టర్ తీసేస్తే ఫ్లో పెరుగుతుందట. ఫిల్టర్‌లో ఆగాల్సిన నలకలు వెళ్లి పంపు వాల్వుల కింద ఇరుక్కుంటాయి. ట్యాంకు మూత మీది గాలి స్క్రూ ఎప్పుడూ బిగించే ఉంచాలట. అలా బిగించి నడిపితే ట్యాంకులో వాక్యూమ్ ఏర్పడి, పంపు బాగున్నా ఇంజన్ ఆగిపోతుంది.

నాకు కోపం తెప్పించింది నాలుగోది. "డయాఫ్రం చిరిగితే కిట్ కొనకండి, పాత సైకిల్ ట్యూబు అదే సైజుకి కత్తిరించి వేయండి."

డయాఫ్రం అంటే పంపులో పెట్రోల్‌ని లాగి ముందుకు నెట్టే పల్చటి పొర. కిట్ అంటే దాన్ని మార్చే రిపేరు సామాను. ఆ డయాఫ్రం చేసే పని చూడండి. టూ స్ట్రోక్‌లో క్రాంక్‌కేసు (పిస్టన్ కింది గది) ఒత్తిడి మారినప్పుడల్లా అది ముందుకీ వెనక్కీ కొట్టుకుంటుంది. 5,000 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి 5,000 సార్లు. సైకిల్ ట్యూబు గాలి పట్టడానికి చేసింది, పెట్రోల్‌లో నానితే ఉబ్బిపోతుంది. పైగా ఇప్పుడు బంకుల్లో పోస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. చాలా ఔట్‌బోర్డు కంపెనీల మాన్యువల్స్ 10 శాతం వరకే ఒప్పుకుంటాయి. కంపెనీ డయాఫ్రాన్నే ఇదివరకటి కంటే ముందుగా విప్పి చూసుకోవాల్సిన రోజుల్లో ట్యూబు ముక్క వేయమంటారా?

ఇంకా ఘోరం ఏమిటంటే, అది ఒడ్డున ఐడిల్‌లో బాగానే నడుస్తుంది. చిట్కా పనిచేసిందని వీడియో తీసి పెడతారు. జనాన్ని ఎక్కించుకుని ఫుల్ థ్రాటిల్ ఇచ్చాక పెట్రోల్ చాలదు. ఆయిల్ కలిపి పోసే టూ స్ట్రోక్‌లో పెట్రోల్ తగ్గిందంటే ఆయిల్ కూడా తగ్గినట్టే. పిస్టన్ పట్టేస్తుంది. కిట్ డబ్బులు మిగిల్చుకోబోయి బోరు, పిస్టన్ పని చేయించుకుంటారు.

అది కూడా డబ్బుతో పోయే నష్టమే. ప్రకాశం బ్యారేజీకి ఎగువన, వరద రోజుల్లో, ఇంజన్ ఆగిన బోటుని నది ఎటు లాగుతుందో విజయవాడ వాళ్లకి చెప్పాలా? 2024 సెప్టెంబరులో ఎగువ నుంచి కొట్టుకొచ్చిన బోట్లు గేట్లని గుద్ది అక్కడే ఇరుక్కున్నాయి, గేట్లు ఎత్తడానికి తోడ్పడే బరువులు (కౌంటర్‌వెయిట్లు) దెబ్బతిన్నాయి. వాటిలో మనుషులు లేరు. మన బోట్లలో ఉంటారు. అదే వారం సింగ్‌నగర్‌లో మేడల మీద చిక్కుకున్న వాళ్లని తీసుకొచ్చింది కూడా ఇలాంటి ఇంజన్లే.

ఐదోది: ఇంజన్ డౌన్ అవుతుంటే పైపు మీది బల్బు (చేత్తో పెట్రోల్ నెట్టే రబ్బరు బుడ్డి) నొక్కుతూ నడపండి, పంపు మార్చక్కర్లేదు. బల్బు నొక్కితే పికప్ వచ్చిందంటే లోపం పంపులోనో, ట్యాంకు నుంచి పంపు దాకా ఉన్న దారిలోనో ఉందని తెలుస్తుంది. దాని ఉపయోగం అంతవరకే. ఫోర్ స్ట్రోక్‌లో డయాఫ్రం చిరిగి ఉంటే, నొక్కిన పెట్రోల్ నేరుగా ఇంజన్ ఆయిల్‌లోకి దిగుతుంది. డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ మట్టం పెరిగి పెట్రోల్ వాసన వస్తుంది. ఒడ్డు చేరడానికి తప్పకపోతే నొక్కండి. మర్నాడు అదే బోటులో పిల్లల్ని ఎక్కించకండి.

ఆరోది మాత్రం సరైన మాట. చాలామంది మెకానిక్కులు చెప్పని మాట కూడా. బోటుని నెలల తరబడి ఆపేస్తుంటే పైపు తీసి, కార్బ్యురేటర్‌లో మిగిలిన పెట్రోల్ అయిపోయేదాకా నడపమన్నారు. అలాగే చేయండి. ఇంజన్ కాలు (కింది భాగం) నీళ్లలో ఉంచే చేయండి, లేకపోతే వాటర్ పంపు ఇంపెల్లర్ (ఇంజన్‌ని చల్లబరిచే నీళ్లు లాగే రబ్బరు చక్రం) కాలిపోతుంది. ఫ్యూయల్ ఇంజెక్షన్ ఇంజన్లకి ఇది వద్దు. కిట్లు అడిగిన రోజే దొరకవని బోటు వాళ్లు పడే బాధ కూడా నిజమే. అందుకే పంపు బాగున్నప్పుడే ఒకటి తెప్పించి పెట్టుకోవాలి.

వానాకాలం మొదలవకముందే పంపు విప్పించండి. డయాఫ్రాన్ని వెలుతురుకి ఎదురుగా పట్టి చూస్తే సూది బెజ్జాలు కనిపిస్తాయి. బిరుసెక్కినా మార్చాల్సిందే. వాల్వు రేకులు వంగకుండా చదునుగా కూర్చోవాలి, గాస్కెట్ కొత్తది వేయాలి. బల్బు, క్లిప్పులు, ఫిల్టర్ అడుగున చేరిన నీళ్లు కూడా అప్పుడే చూసుకోవచ్చు. కొన్ని ఫోర్ స్ట్రోక్ పంపులు సీల్ చేసి వస్తాయి, వాటిని విప్పకుండా మొత్తంగా మార్చాలి.

ఆ మెసేజ్ ఏ గ్రూపులో పెట్టారో ఇది కూడా అక్కడే పెట్టండి. ట్యూబు ముక్క వేయించుకున్న వాళ్లెవరైనా ఉంటే, పంపు బాగు చేయించేదాకా బోటు నీళ్లలోకి దించొద్దని ఫోన్ చేసి చెప్పండి.