ఫ్రేము కింది అంచు గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ టీవీ ఫ్రేము కింది అంచు గారి దివ్యసముఖానికి,

అయ్యా, తమరు కొయ్య కారు, తాడు కారు, నేల మీద గీసిన గీత కూడా కారు. కెమెరా చూపు ఎక్కడ ఆగిపోతుందో అక్కడ తమరి సరిహద్దు. అంతే. అయినా 'సెసమీ స్ట్రీట్' అనే అమెరికా పిల్లల టీవీ కార్యక్రమంలో 1969 నవంబరు 10 నుంచి బొమ్మలాడించేవాళ్లంతా తమరి ముందు నడుములు వంచుతూనే ఉన్నారు. నిలబడితే తల కనిపిస్తుంది మరి.

తమరికి ఈ పెత్తనం కట్టబెట్టింది ఈ బొమ్మల సృష్టికర్త జిమ్ హెన్సన్. ఆ రోజుల్లో టీవీలో బొమ్మలాటంటే ఓ చిన్న చెక్క వేదిక, దాని వెనక దాక్కున్న మనిషి. 1955లో వాషింగ్టన్‌లో మొదలైన 'సామ్ అండ్ ఫ్రెండ్స్'లో ఆయన ఆ వేదిక తీసేసి, టీవీ తెరే వేదిక అన్నాడు. గొప్ప ఆలోచన, కాదనం. చెక్క ఆదా అయింది. అది మోసిన బరువు మాత్రం మనుషుల నడుముల మీదికొచ్చింది.

తమరి దిగువన ఏం జరుగుతోందో ఎప్పుడైనా తొంగి చూశారా? కుడిచెయ్యి బొమ్మ తలలో ఉంటుంది. నాలుగు వేళ్లు పై దవడ, బొటనవేలు కింది దవడ. మాట పలికేటప్పుడు నోరు తెరుచుకోవాలి. కొత్తవాళ్లు సరిగ్గా పలికే క్షణంలోనే మూసేస్తారు, బొమ్మ మాటల్ని కొరికి తింటున్నట్టు ఉంటుంది. ఇంకో తప్పు, బొటనవేలు దించకుండా పై వేళ్లు ఎగరేయడం. అప్పుడు మాట మాటకీ తల వెనక్కి వాలి, బొమ్మ ఎదుటివాడితో కాకుండా సీలింగుతో కబుర్లాడుతుంది.

బర్ట్ అనే బొమ్మ లాంటి వాడైతే ఎడమచేత్తో సన్నటి ఊచలు పట్టుకుని అతని చేతులు కదిలించొచ్చు. ఎర్నీ, కుకీ మాన్‌స్టర్ అలా కాదు, వాళ్లవి తొడుగు చేతులు. ఎడమది అసలు ఆటగాడిది, కుడిది పక్కనే ఇరుక్కుని కూర్చున్న రెండో మనిషిది. అంటే ఎర్నీ చప్పట్లు కొట్టాలంటే ఇద్దరు కావాలి. రెండో మనిషి ఎడమచేతి వంకే చూస్తూ దాని వెంట నడవాలి, సొంత తెలివి చూపకూడదు. చూపిస్తే ఎర్నీ ఎడమచెయ్యి బాధగా గుండె మీద వాలుతుంది, కుడిచెయ్యి హుషారుగా టాటా చెబుతుంది.

ఇంత చేస్తూ కళ్లెక్కడ పెట్టాలి? బొమ్మ మీద కాదు, నేల మీదున్న మానిటర్ మీద. అందులో కనిపించేది ప్రేక్షకుడు చూసే దృశ్యమే, అద్దంలో ప్రతిబింబం కాదు. ఆటగాడు తన కుడివైపు జరిగితే మానిటర్‌లో బొమ్మ ఎడమవైపు పోతుంది. ఈ తికమక ఒంటికి పట్టేదాకా బొమ్మ ఎదుటివాడికి వీపు చూపిస్తూనే ఉంటుంది. పైగా తమరి లెక్క ఒకటుంది కదా! చెయ్యి పీకి అంగుళం దిగిందా, బొమ్మ వీధిలో కూరుకుపోతున్నట్టు కనిపిస్తుంది. తల అంగుళం లేచిందా, తెర అడుగున ఎవరిదో జుట్టు మొలుస్తుంది. రెండింటికీ శిక్ష ఒకటే, మళ్లీ మొదటి నుంచి.

పాత పిక్చర్ ట్యూబు టీవీల కాలంలో తమరికి కాస్త జాలి ఉండేది. ఆ టీవీలు అంచుల్లో కొంత దృశ్యాన్ని మింగేసేవి, నాలుగు వెంట్రుకలు పైకొచ్చినా ఇళ్లలో కనిపించేవి కావు. బల్లపరుపు తెరలొచ్చాక ఆ దయా పోయింది. తెర వెడల్పయ్యేసరికి పక్కనున్న కుడిచేతి మనిషి దాక్కునే చోటూ తగ్గింది.

వీధి సెట్టునే ఎత్తు మీద కట్టొచ్చుగా అంటారేమో. ఈ వీధిలో మనుషులూ బొమ్మలూ ఒకే నేల మీద నిలబడి మాట్లాడుకోవాలి. మొదట్లో అలా లేదు. కల్పననీ నిజాన్నీ కలిపితే పిల్లలు తికమకపడతారని నిపుణులు చెబితే, వీధి దృశ్యాల్లో మనుషుల్నే పెట్టారు. ప్రసారానికి ముందు, 1969 జులైలో ఫిలడెల్ఫియాలో పిల్లలకు నమూనాగా చూపిస్తే, వీధి రాగానే వాళ్లు దిక్కులు చూశారు. దాంతో బిగ్ బర్డ్ అనే పెద్ద పక్షి, చెత్తడబ్బాలో ఉండే ఆస్కార్ పుట్టి వీధిలోకొచ్చారు. నిపుణుల మాట పోయింది, ఆటగాళ్ల వీపులకు పని తగిలింది. ఇప్పుడు వాళ్లు చక్రాల పీటల మీద కూర్చుని, నుదుటికి మైకు కట్టుకుని, నిలబడ్డ నటుల కాళ్ల మధ్య దొర్లుతుంటారు.

ఇక తమరి మీద రాలే చిరుతిండి. కుకీ మాన్‌స్టర్ తినేది మనం తినే కుకీ బిస్కెట్టు కాదు. వెన్నా నూనే ఉంటే బొమ్మ బొచ్చు పాడైపోతుందని, మరమరాలు, పాన్‌కేక్ పిండి, ఇన్‌స్టంట్ కాఫీ పొడి వగైరా నీళ్లతో కలిపి చేస్తారు. చాక్లెట్ ముక్కలనుకునేవి రంగు కలిపిన గ్లూ. పళ్లు లేని నోటికి ముక్కలు చెక్కలు కావాలి కాబట్టి పల్చగా, పెళుసుగా ఉండాలి. తెర మీద మహా విందు. ఆ పొడంతా ఎక్కడికి పోతుందంటారు? తమరి కిందనున్నవాళ్ల నెత్తి మీదికీ, తెరిచిన కళ్లలోకీ.

తమరి చట్టం వర్తించని వాడు బిగ్ బర్డ్ ఒక్కడే అనుకోవచ్చు. 8 అడుగుల 2 అంగుళాల పక్షి, కాళ్ల దాకా కనిపిస్తాడు. కానీ లోపల? కెరల్ స్పిన్నీ అనే ఆటగాడు 1969 నుంచి 2015 దాకా అందులో ఉండి ఆడించాడు, 2018 దాకా గొంతిచ్చాడు. కుడిచెయ్యి నెత్తి మీదికెత్తితే అది పక్షి తల. చిటికెన వేలు మీటను లాగితే కళ్లు కదులుతాయి. ఎడమచెయ్యి ఎడమ రెక్కలోకి పోయింది. మరి కుడి రెక్కకు చెయ్యేది? లేదు. అది లోపల కూరి నింపిన ఉత్తుత్తి రెక్క. గాలపు దారం ఒకటి దాని నుంచి మెడ కింద మీదుగా ఎడమ రెక్కకు కట్టి ఉంటుంది, ఎడమది దిగితే కుడిది లేస్తుంది. ఇతగాడి రెండు రెక్కలూ ఒకేసారి ఎత్తమని అడిగే రచయితను ఏం చెయ్యాలో తమరే చెప్పండి. లోపల నుంచి బయటికి చూడ్డానికి కన్నం లేదు. రొమ్ముకు కట్టుకున్న చిన్న టీవీయే కళ్లు, డైలాగు కాగితాలు పక్కనే అంటించుకోవాలి. ఆ టీవీ ఆరిపోతే పక్షి గుడ్డిదే.

తమరు పైకి జరిగితే బొమ్మ గడ్డం తెగుతుంది, కిందికి జరిగితే మోచెయ్యి బయటపడుతుంది. అది తెలిసే అడుగుతున్నాం. కెమెరా వెనక్కి పోయి వైడ్ షాట్ పెట్టేటప్పుడు తమరు చప్పుడు చెయ్యకుండా నేల దాకా దిగిపోతారు చూడండి, అది మానుకోండి. ముందుగా ఒక్క మాట చెబితే, పీట మీదున్న నలుగురూ కిటికీ వెనక్కో, మెట్ల చాటుకో దొర్లడానికి వ్యవధి దొరుకుతుంది. ఆస్కార్ డబ్బా వెనక ఇక చోటు లేదు, అటు పంపకండి.

ఇట్లు,
తమరి దిగువన చేతులెత్తినవారి తరఫున